తిన్నదంతా ఎటు పోతోంది

ఆ ఏడు తమ్ముడి ప్యాంట్లు నడుము దగ్గర తగ్గించి కుట్టడం అక్కకు మామూలైపోయింది. ఆమెది వీధివైపు తలుపున్న చిన్న టైలరింగు గది. అతను ఈతకొలనులో కోచ్. నీళ్లలోనే పుట్టినట్టు ఉంటాడని అందరూ చేప అని పిలిచేవారు. నలభై దాటినా పొట్ట లేదని శిష్యుల తల్లులు మెచ్చుకుంటే మురిసిపోయేవాడు.

అక్కకే మింగుడు పడలేదు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఒకే గిన్నెలోది తింటారు. ఆమె చెయ్యి కడుక్కునే వేళకు అతను మళ్లీ వడ్డించుకుంటూ ఉంటాడు.

"తిన్నదంతా ఎటు పోతోందిరా?"

"నీ దిష్టికే కరిగిపోతోంది లే అక్కా," అని నవ్వేసేవాడు.

ఒక మధ్యాహ్నం భోంచేసి వచ్చి, మిషన్ పక్కనున్న బల్ల మీద ఒరిగి నిద్రపోయాడు. కాలరు కుడుతూ ఆమె యథాలాపంగా అటు చూసింది. మనిషి కదలడం లేదు. భుజం మాత్రం కదులుతోంది. చర్మం కింద కండ ఇక్కడోసారి, అక్కడోసారి, పొంగబోయే పాల మీది మీగడలా ఎగిరెగిరి పడుతోంది. ఆమె మిషన్ ఆపేసింది. అతని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ పోయి గుంట పడింది.

లేచాక అడిగింది. "ఈ చెయ్యేంట్రా ఇలా అయింది?"

"సీసా మూత తిప్పలేకపోతున్నా. నరమేదో పట్టేసి ఉంటుంది."

పరీక్షలయ్యాక నరాల డాక్టరమ్మ ఏమీ దాచలేదు. కండరాలను నడిపే నరకణాలు చచ్చిపోతున్నాయంది. మందులు జబ్బును కాస్త నెమ్మదింపజేస్తాయే గానీ నయం చెయ్యవంది.

"మరి ఇంత తింటున్నా చిక్కిపోతున్నాడేంటమ్మా?" అంది అక్క.

"నరం చచ్చిన కండ కరిగిపోతుంది. దానికి తోడు ఒంట్లో ఇంధనం మండే తీరే మారిపోతుంది. కండరాలు చక్కెరను సరిగా వాడుకోలేక కొవ్వు మీద పడతాయి. చాలామందికి ఊరికే పడుకున్నా ఒళ్లు ఎక్కువ ఖర్చు చేస్తుంది. బరువు మాత్రం తగ్గనివ్వకండి. తగ్గేవాళ్లలో జబ్బు త్వరగా ముదురుతుంది."

అక్క ఆ ఒక్క మాటనే పట్టుకుని వేలాడింది. గుడ్లు, వెన్న, చిక్కటి పాలు. కొవ్వు జోలికి పోవద్దని పిల్లలకు పాఠాలు చెప్పినవాడు నోరెత్తకుండా తిన్నాడు. కొన్నాళ్లు బరువు నిలబడింది కూడా. అయినా నడక తూలింది. అక్కతో కలిసి కొలనుకు చివరిసారి వెళ్లినప్పుడు నీళ్లలో ఎప్పటిలాగే తేలాడు. పైకి రావడానికి నిచ్చెన పట్టుకుంటే చేతుల్లో పట్టు నిలవలేదు.

"అక్కా, నువ్వు కాసేపు అటు తిరుగు," అన్నాడు.

ఆమె తిరిగింది. వెనక ఇద్దరు మనుషులు అతణ్ని పైకి లాగుతున్న చప్పుడు వింది.

చలి మొదలైన రోజుల్లో ఒక ఉదయం ఆమె పట్టిన గ్లాసులోంచి పాలు తాగుతూ ఉండగా అతనికి పొలమారింది. కళ్లనీళ్లు వచ్చేదాకా దగ్గాడు.

"ఎవరో తలుచుకుంటున్నారు," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

రెండో గుక్కకూ పొలమారింది. జబ్బు గొంతు కండరాల దాకా వస్తే పొట్టలోకి గొట్టం వెయ్యాల్సి వస్తుందని డాక్టరమ్మ ముందే చెప్పి ఉంచింది. అక్క గ్లాసు పక్కన పెట్టి అతని గడ్డం తుడిచింది. చొక్కా కింద భుజం అదురుతూనే ఉంది.

అతను సగం మిగిలిన పాలకేసి చూశాడు.

"ఆకలేస్తోంది అక్కా."