నూట ఇరవై అంగుళాల గది

టైలరమ్మ పొద్దున్నే లేచి, స్టవ్ మీద టీ పడేసి, మెడలోని టేపు తీసి గది కొలుస్తుంది. టీ పొంగేలోగా అయిపోయే పని అది. అద్దెకి దిగినప్పుడు ఈ గోడ నుంచి ఆ గోడకి నూట ఇరవై అంగుళాలు, సరిగ్గా పదడుగులు. ఎనిమిది రోజులుగా తగ్గుతూ వస్తోంది.

"ఎంత?" అన్నాడు మొగుడు దుప్పట్లోంచే.

"ఎనభై ఎనిమిది. మళ్లీ నాలుగు పోయాయి."

"పోనీలే, నీకు తుడిచే చోటు తగ్గింది."

ఆయనకేం, లిఫ్టులు బాగుచేసే మనిషి. రోజంతా ఇనుప తాళ్ల మధ్య సందులో నక్కి ఉండేవాడికి ఇరుకేంటి, విశాలమేంటి! ఊపిరాడనిది ఆవిడకే. బట్టలుతికే షాపులో కుట్టుమిషను ముందు కూర్చుని పగలంతా జిప్పులు మార్చి, ప్యాంట్లు పొట్టి చేసి వచ్చాక, కాస్త కాళ్లు బారజాపుకుందామంటే గోడ తగులుతోంది.

కింద ఉండే ఇంటావిడ చూసి పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఫారం ఏమన్నా నింపుతున్నారా?" అని మాత్రం అడిగింది. "నింపుతున్నాం పిన్నిగారూ." "అదే మరి. మీ పై వాటాలో వాళ్లకీ ఇంతే. వయసు తప్పు రాశారు. చివరికి మంచాన్ని గోడకి నిలబెట్టి, తామూ నిలబడి పడుకున్నారు. సరిచేసుకోండమ్మా, మళ్లీ సున్నం వేయించాలంటే నాకు తలనొప్పి."

సరిచేసుకోవాలంటే తప్పెక్కడో తెలియాలి కదా! ఆయన పదేళ్ల కిందటే ఈ దేశం వచ్చి స్థిరపడ్డాడు. పెళ్లై రెండేళ్లైన ఆవిడదే తాత్కాలిక అనుమతి. అదీ ఈ నెల ముప్పైతో సరి. ఆలోగా ఫారం మీద ముద్ర పడకపోతే మూటా ముల్లె సర్దుకుని ఒక్కతే వెళ్లిపోవాలి. ఈ మధ్య ముద్ర ఎవరికీ పడటం లేదట. అందరికీ 'తర్వాత చూస్తాం' అనే కాగితమే ఇస్తున్నారట. ఆ తర్వాత దాకా ఆగే వీలు ఆవిడకి లేదు.

అందుకే ఫారమంతా పెన్సిలుతో నింపింది. చొక్కా ఎక్కడో పట్టేస్తుంటే కుట్లు ఒక్కొక్కటే విప్పి చూస్తారు కదా, అలాగే రోజూ సాయంత్రం ఒక జవాబు చెరిపి, పొద్దున్న గది కొలవసాగింది. పుట్టిన తేదీ చెరిపింది. నాలుగంగుళాలు పోయాయి. అమ్మానాన్నల పేర్లు చెరిపింది. నాలుగు పోయాయి. ఎనభై ఎనిమిదికి దిగిన రోజు సాయంత్రం 'మీ భర్తకు ఇంతకుముందు జరిగిన పెళ్లిళ్లు ఎన్ని?' అన్నచోట రాసిన 'ఒకటి' చెరిపింది. తెల్లారి కొలిస్తే ఎనభై ఎనిమిదికి ఎనభై ఎనిమిదీ ఉంది. అంటే తప్పు అక్కడే.

"ఏమండీ, నన్ను చేసుకోకముందు మీకు ఒక్క పెళ్లేనా?"

ఆయన బూట్లు చేత్తో పట్టుకునే లేచాడు. "ఎక్కడో లిఫ్టు ఆగిపోయిందట. మనుషులు ఇరుక్కున్నారు. వచ్చాక మాట్లాడదాం" అంటూ మాయమైపోయాడు. ఎప్పుడూ అంతే. ఆ మాట ఎత్తితే చాలు, ఊళ్లో ఏదో ఒక లిఫ్టు ఆగిపోతుంది.

మధ్యాహ్నం ఆవిడ ఇమిగ్రేషన్ ఆఫీసు ఎదురుగా ఫారాలు నింపిపెట్టే ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన కొట్టు ఎప్పుడో అగ్గిపెట్టంత అయిపోయింది. ఇప్పుడు దానిమీదే టీ గ్లాసు పెట్టుకుని, బయట స్టూలు మీద కూర్చుని పని చేసుకుంటున్నాడు.

"మీవారి పాత ఫైల్లో ఏముంది?" అన్నాడు.

"ఒకటనే రాశారట."

"అయితే కళ్లు మూసుకుని ఒకటే రాసెయ్యండి మేడం. పాతదీ కొత్తదీ కలవాలి, అంతే. నిజం ఎవడిక్కావాలి?"

టైలరమ్మకి భయం పట్టుకుంది. లేనిపోనిది తవ్వుకుని ముప్పై తారీకు పోగొట్టుకోవడం ఎందుకు? అక్కడే, ఆయన పెన్నుతోనే, 'ఒకటి' అని ఇంకుతో రాసేసింది.

ఇంకు కదా, గోడలు పరుగందుకున్నాయి. శనివారానికి బీరువా తలుపు తెరుచుకోవడం మానేసింది. ఆదివారం పొద్దున్న మంచం జరిగి జరిగి, లోపలికి తెరుచుకునే వాకిలికి అడ్డంగా బిగుసుకుపోయింది. టైలరమ్మ టేపు తియ్యనే లేదు. మంచం మీద ఇద్దరూ మోకాళ్లకి మోకాళ్లు ఆనించుకుని ఎదురెదురుగా కూర్చున్నారు. వేరేగా కూర్చునే వీల్లేదు.

ఫోన్ మోగింది. నిజంగానే ఎక్కడో లిఫ్టు ఆగిపోయింది. ఆయన తలుపు లాగాడు. వేలెడు సందు కూడా రాలేదు.

"మనుషులు ఇరుక్కున్నారే!" అన్నాడు.

"మనమూ ఇరుక్కున్నాం. చెప్పండి."

ఆయన నీళ్లు నమిలాడు. గోడ వీపుకి తగులుతుంటే ఇంకెంతసేపు నములుతాడు?

"మనిషి ఒకటే" అన్నాడు చివరికి. "పెళ్లిళ్లు రెండు."

"అంటే?"

"విడాకులైన రెండేళ్లకి మళ్లీ ఆవిణ్ణే చేసుకున్నాను. ఎనిమిది నెలలున్నాం. మళ్లీ విడాకులు. ఇక్కడికి వచ్చేటప్పుడు ఎన్నని అడిగితే, మనిషి ఒకటే కదా అని ఒకటని రాశాను. నిజంగా అలాగే అనుకున్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

ఆయన ఫోను బోర్లించాడు. "మొదటిది పెద్దవాళ్లు చేశారు. రెండోసారి నేనే వెళ్లి బతిమాలుకున్నాను. అది నీకెలా చెప్పను?"

టైలరమ్మకి ఒళ్లు భగ్గుమంది. ముందు పెళ్లి ఉందని తెలిసే చేసుకుంది. ఉంటే ఉందిలే, ఇష్టం లేని కాపురమట అని సరిపెట్టుకుంది. ఇష్టపడి, బతిమాలి, రెండోసారి తాళి కట్టాడని ఇప్పుడా తెలియడం! కడుపులోంచి ఏడుపు తన్నుకొచ్చింది. అటు తిరిగి ఏడుద్దామంటే తిరిగే చోటు లేదు. ఆయన మొహంలోకి చూస్తూనే ఏడ్చింది. ఆయన కళ్లు దించుకున్నాడు.

"ఇంకెవరన్నా ఉన్నారా ఆ పాత ఖాతాలో?"

"ఒట్టు, లేరు."

చీర చెంగుతో మొహం తుడుచుకుని, సంచీలోంచి, ముందుజాగ్రత్తగా తెచ్చుకున్న రెండో ఫారం తీసి ఒళ్లో పెట్టుకుంది. ఇంకుతో 'రెండు' అని రాసి, ఆ రెండూ ఎప్పుడు మొదలయ్యాయో, ఎప్పుడు ముగిశాయో ఆయన చెబుతుంటే తేదీలతో సహా వేసింది. మంచం కిర్రుమని జానెడు వెనక్కి జరిగింది. ఆయన అడ్డంగా తిరిగి, పొట్ట బిగబట్టి, ఆ సందులోంచి బయటపడి లిఫ్టులోవాళ్లని విడిపించడానికి పరిగెత్తాడు.

ఫారం ఇచ్చివచ్చాక, ఇరవై తొమ్మిదో తారీకున రమ్మని పిలుపొచ్చింది.

అధికారి గది చూసి టైలరమ్మ తన గదే నయమనుకుంది. ఎన్నేళ్లుగా ఎంతమంది ఎన్ని అబద్ధాలు చెప్పారో, రెండు బీరువాల మధ్య సందంత మిగిలింది. ఇద్దరూ పక్కవాటుగా లోపలికి దూరారు. అధికారి మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కుర్చీలో ముడుచుకుని ఉన్నాడు. ఒళ్లో ఫైలు.

"మీ భర్తకి ఇంతకుముందు ఎన్ని పెళ్లిళ్లు?"

"రెండు" అంది.

అధికారి పాత ఫైలు తిరగేశాడు. "ఇందులో ఒకటని ఉందే."

ఇప్పుడు మొగుడు మాట్లాడాలి. మాట్లాడితే పదేళ్ల కిందటి తప్పు ఆయన నెత్తికే చుట్టుకుంటుంది. మాట్లాడకపోతే ఆవిడే అబద్ధాలకోరు. రేపటితో ముప్పై. టైలరమ్మ ఆయన వైపు చూడలేదు. చూడాలంటే మెడ తిప్పాలి, చోటు లేదు.

"తప్పు నాదండీ" అన్నాడాయన. "మనిషి ఒకటేనని ఒకటి రాశాను. తర్వాత తెలిసినా, ఈవిడకి చెప్పడానికి మొహం చెల్లక దిద్దుకోలేదు. ఆ మొదటావిడంటే నాకు ఇష్టముండేది, అదీ సంగతి. విడాకుల కాగితాలు రెండూ తెచ్చాను."

గోడ మూలిగింది. సున్నం పొడి రాలింది. వెనకున్న బీరువా మెల్లగా దూరం జరిగింది.

అధికారి ముందు ఎడమకాలు చాపాడు. నమ్మకం కుదరక కాసేపాగి, కుడికాలు కూడా చాపాడు. కళ్లు మూసుకుని, "అబ్బా!" అన్నాడు.

కాగితాలు రెండూ తేదీ తేదీ సరిచూసుకున్నాడు. పాత ఫైల్లో తప్పు ఒప్పుకున్నట్టు మొగుడి చేత సంతకం పెట్టించాడు. తర్వాత వంగి బల్ల సొరుగు లాగాడు. అది పూర్తిగా బయటికొచ్చింది.

"ఏడాదైంది ఇది తెరుచుకుని" అన్నాడు. "మోకాళ్లు అడ్డం. ముద్ర ఇందులోనే ఉండిపోయింది."

ముద్ర మీద ఊది, దుమ్ము దులిపి, టైలరమ్మ ఫారం మీద గట్టిగా వేశాడు.

ఇంటికొచ్చాక ఆవిడ టేపు తీసి కొలిచింది. నూట ఇరవై. కుర్చీ ఈడ్చుకెళ్లి ఆ చివరి గోడ దగ్గర వేసుకుని, అటు తిరిగి కూర్చుని, ఇన్నాళ్లకి తీరిగ్గా, ఎవరి మొహమూ చూడకుండా ఏడ్చింది. ఆయన టీ పెట్టి తెచ్చి, గది మధ్య దాకా వచ్చి ఆగిపోయాడు.

"అక్కడే ఉండండి" అంది. కాసేపటికి చెయ్యి మాత్రం వెనక్కి చాపింది.