విరిగిన పాల చేప

నేను ఒక చెక్క చేపను. కచ్చితంగా చెప్పాలంటే చేపను కూడా కాను, చెక్కముక్కలో చేప ఆకారంలో తొలిచిన గుంటను. వంగదేశంలో సందేశ్ అనే పాలమిఠాయిని అచ్చొత్తడానికి నన్ను తయారుచేశారు. మనుషులు సాధారణంగా తమలో ఉన్నదాన్ని చూసుకుని గర్వపడతారు. నా ప్రయోజనమంతా నాలో లేని భాగంలో ఉంది కాబట్టి ఆ జబ్బు నాకు అంటలేదు.

నేను పుట్టింది కలకత్తాలో, చిత్పూరు రోడ్డు పక్కన ఒక ఇరుకు సందులో. నన్ను చెక్కినవాడు పనిమంతుడు. మధ్యాహ్నం భోజనంలో చేపముక్క వడ్డించగానే దాన్ని తిరగేసి, పొలుసుల వరస ఎటు వాలిందో చూసుకునేవాడు. భర్త ముళ్లకు భయపడుతున్నాడని భార్య అనుకునేది. ఆ పరిశీలన ఫలితంగా నా పొట్ట మీద ప్రతి పొలుసూ తోకవైపుకే వాలి ఉంటుంది. ప్రకృతి చూసినా తప్పు పట్టలేదు.

నన్ను కొన్న హారాధన్ మోదక్ తరతరాల మిఠాయిదారు. అతని దుకాణంలోనే నాకు లోకజ్ఞానం అబ్బింది. పాకంలో తేలే రసగుల్లా, నెయ్యిలో ఎర్రగా వేగే పంతువా, కోలగా ఉండి పైన కోవా పొడి చల్లుకునే చంచం, మట్టిమూకుడులో తోడుకునే తీపి పెరుగు, చలికాలం రాగానే ఖర్జూరపు బెల్లం వాసనతో గోధుమవన్నెకు తిరిగే సందేశ్: వీటి మధ్య పెరిగాను. దేశంలో తక్కిన ప్రాంతాలవారు శనగపిండినో, మినప్పిండినో, మరిగించి చిక్కబరచిన కోవానో నమ్ముకుంటే, వీళ్లు ఎక్కువగా విరిగిన పాలను నమ్ముకున్నారు. మరుగుతున్న పాలలో పుల్లటి తేట పోస్తారు. పాలు ముక్కలై, నీరు వేరై, తెల్లటి ముద్ద మిగులుతుంది. దాన్ని గుడ్డలో వడగట్టి, పీట మీద అరచేతి మడమతో మెదుపుతారు. చేతికి జిడ్డు తగిలేదాకా మెదిపితే అది ఛానా. మెదపడం చాలకపోతే మిఠాయి నోట్లో ఇసుకలా ఆడుతుంది.

రసగుల్లాను మొదట ఎవరు చేశారన్న వివాదం కూడా అక్కడే విన్నాను. ఆ వీధిలో ప్రతి మిఠాయిదారుకూ దాన్ని కనిపెట్టిన తాత ఒకడు ఉండేవాడు. ఎవరి దగ్గరా ఆధారం ఉండేది కాదు, అందరి దగ్గరా ఆవేశం ఉండేది. ఆవు సాక్ష్యం ఎవరూ తీసుకోలేదు.

హారాధన్ పోయాక దుకాణం కొడుకుల చేతికి వచ్చింది. చిన్నవాడు నిబారణ్‌కు అన్నల పెత్తనం పడలేదు. సందేశ్‌కు చక్కెర తగ్గించాలని అతను, పెంచాలని వాళ్లు. మనుషులు ఇంతకన్నా చిన్న విషయాలకు దేశాలు పంచుకున్నారు కాబట్టి నేను ఆశ్చర్యపోలేదు. ఇక ఈ గడప తొక్కనని చెప్పి, నన్నూ, తండ్రి వాడిన కళాయి గిన్నెనూ, పాలు విరిచే తేట నిలవచేసే ఒక మట్టికూజానూ మూటగట్టుకుని నిబారణ్ రైలెక్కాడు. విశాఖపట్నంలో బెంగాలీ యాత్రికులు దిగే ఒక బస ఉండేది. అక్కడ వంటవాడిగా కుదిరాడు. కొన్నేళ్లకు యజమాని ఆ బసను మూసేశాడు. నిబారణ్‌కు రెండే దారులు మిగిలాయి: ఈ ఊళ్లో సొంతంగా ఒక దుకాణం, లేదా తొక్కనన్న గడప.

కురుపాం మార్కెట్ దగ్గర దాలమ్మ అనే ఆమెకు పక్కపక్కన రెండు గదులుండేవి. ఒకదానిలో ఆమె కాజాలు, బూందీ లడ్డూలు, మినపసున్ని చేసి అమ్మేది. భర్త పోయాక పొయ్యి ముందు కూర్చుని వ్యాపారాన్ని నిలబెట్టుకున్న మనిషి. రెండో గది ఖాళీ. అందులో ఒకరి తర్వాత ఒకరు చేరిన ఇద్దరూ దుకాణం ఎత్తేసి వెళ్లారు. బట్టలు ఇంట్లోనే కుట్టుకునే వీధిలో దర్జీ, వాచీ కొనని వీధిలో వాచీలు బాగుచేసేవాడూ ఎత్తేయక ఏం చేస్తారన్నది నా అభిప్రాయం. దాలమ్మ అభిప్రాయం వేరు. ప్రవేశం నాడు వాళ్లు పాలు పొంగించలేదు. అందుకని ఆమె నిబారణ్‌కు స్పష్టంగా చెప్పింది: కొత్త పొయ్యి మీద పాలు పొంగి, తూర్పువైపు పొర్లాలి, అప్పుడే తాళంచెవి ఇస్తాను. నిబారణ్ సంతోషంగా ఒప్పుకున్నాడు. పాలు అతనికి కొత్తా?

మంచిరోజు చూశారు. కొత్త ఇటుకల పొయ్యికి పసుపు రాశారు. దాలమ్మ తమ్ముడు బంగారినాయుడు, ఇరుగుపొరుగు దుకాణాలవారు వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డారు. నిబారణ్ స్నానం చేసి, తన దగ్గరున్న అన్నింటిలోకీ పవిత్రమైన పాత్రను తెచ్చాడు. అది తండ్రి గిన్నె. మోదక్‌ల ఇంట ఒక ఆచారం ఉంది. శుభకార్యానికి కొత్త పొయ్యి వెలిగిస్తే, వెనకటి పాలు విరిచిన పుల్లటి తేటను గిన్నెలో పోసి, ఒకసారి తిప్పి పారబోస్తారు. పాత పొయ్యి కొత్త పొయ్యికి ఇచ్చే దీవెన అది. నిబారణ్ కళ్లు మూసుకుని, తండ్రిని తలుచుకుని, కూజాలోంచి తేట పోసి, భక్తిగా తిప్పాడు. భక్తిలో పడి పూర్తిగా పారబొయ్యడం మరిచాడు. అడుగున చారెడు మిగిలింది. కర్పూరం వాసనలో ఆ పులుపు వాసన ఎవరికీ తెలియలేదు. దాని మీద పాలు పోశారు.

ఇక్కడ ఒక్క మాట చెప్పాలి. పాలలో పులుపు పడితే విరుగుతాయి. ముహూర్తం ఎంత మంచిదైనా విరుగుతాయి. ఆనాడు అక్కడున్నవారిలో ఈ సంగతి అందరికన్నా బాగా తెలిసినవాడు నిబారణే. తెలిసినవాడు కూడా శుభాన్ని కోరుకునే వేళ తెలివిని గుమ్మం బయట విడిచి రావడం నేను చాలాచోట్ల చూశాను.

పాలు వేడెక్కాయి. అంచున నురగ లేచింది. అందరూ మెడలు చాచారు. నురగ మధ్యలో పగిలి, అడుగు నుంచి తెల్లటి ముక్కలు పైకి తేలాయి. గిన్నెలో పచ్చటి నీరు మిగిలింది. గుమ్మం దగ్గరివాళ్లు ఒక అడుగు వెనక్కి వేశారు.

నిబారణ్ ముఖంలో ఒక్క క్షణం ఏ దిగులూ లేదు. జీవితమంతా ఆ దృశ్యం కోసమే పొయ్యి ముందు నిలబడ్డ మనిషి. అతను వంగి చూసి, మెచ్చుకోలుగా తల ఊపాడు.

"బాగా విరిగిందమ్మా" అన్నాడు. "ఒక్క చుక్క కూడా పాడవలేదు."

బంగారినాయుడు అక్కవైపు తిరిగాడు. "పాలిరిగితే సంబరపడే మనిషిని ఇదే సూడ్డం. రేపు గోడ కూలితే, ఇటికలు బావున్నాయంటాడు."

ఎవరో నవ్వారు. ఆ నవ్వు విన్నాక గాని నిబారణ్‌కు తానెక్కడున్నాడో గుర్తు రాలేదు. దాలమ్మ తాళంచెవిని కొంగున ముడివేసుకుంది. గది ఇవ్వలేనని నెమ్మదిగానే చెప్పింది. రెండుసార్లు దెబ్బతిన్నదాన్ని, మూడోసారి కళ్లతో చూస్తూ ఎలా ఇస్తానంది. నిబారణ్ కలకత్తా రైలు సాయంత్రం ఎన్నింటికో ఒకరిని అడిగాడు. ఆ ప్రశ్న అడగడానికి అతను ఎంత కష్టపడ్డాడో, పక్కనే విప్పిన మూటలో ఉన్న నాకు అతని గొంతును బట్టి తెలిసింది.

అయితే మిఠాయిదారు చేతులు తల మాట వినవు. విరిగిన పాలను పారబొయ్యడం అతనికి సాధ్యం కాలేదు. పొయ్యి ఎలాగూ మండుతోంది, ఇది పూర్తిచేసి వెళ్లిపోతానని అనుమతి అడిగాడు. దాలమ్మ పొయ్యి దగ్గర నుంచి పక్కకు తప్పుకుంది. అతను గుడ్డలో వడగట్టాడు. పీట మీద మెదిపాడు. చక్కెర కలిపి సన్నటి సెగ మీద తిప్పుతూ, ముద్ద గిన్నె అంచు విడిచే క్షణాన దించాడు. నాకు నెయ్యి రాసి, వేడి ముద్దను నాలో అదిమి, పీట మీద తట్టాడు. తెల్లటి చేపలు ఒక్కొక్కటే పళ్లెంలోకి దిగాయి.

పళ్లెం అందరి ముందూ తిరిగింది. ఎవరూ చెయ్యి చాపలేదు. అపశకునం నోటి ద్వారా కూడా సోకుతుందని వాళ్ల శాస్త్రం కాబోలు. బంగారినాయుడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు.

దాలమ్మ ముందుకు పళ్లెం వచ్చింది. ఆమె కూడా వద్దనే అనుకుంది, నేను చూశాను. కానీ ఆమెదీ పొయ్యి ముందు బతికిన చెయ్యే. ఏ పాకమైనా కొనగోట గిల్లి నోట వేసుకోకుండా వదిలిన చెయ్యి కాదు. ఆ చెయ్యి వెళ్లి చేప తోక తుంచింది. ఆమె నమిలింది. కళ్లు పళ్లెం మీదే ఉన్నాయి. ఇంకో ముక్క తుంచింది. రెండోది రుచి చూడ్డానికి కాదు.

"ఇందులో కోవా ఏమీ లేదా?" అని అడిగింది.

లేదన్నాడు నిబారణ్. విరిగిన పాలు, చక్కెర, అంతే.

"విరక్కపోతే ఇది రాదేటి?"

"రాదమ్మా. మాకు పాలు విరిగితేనే పొయ్యి వెలిగినట్టు."

దాలమ్మ వేళ్ల మధ్య మిగిలిన ముక్కను తిరగేసి చూసింది. నాకు ఆశ కలిగింది. నా కళ్ల ముందు ఒక మూఢనమ్మకం కూలబోతోందని, హేతువు గెలవబోతోందని, దానికి చేప ఆకారంలో నేనూ సాయపడ్డానని అనుకున్నాను. ఆమె తమ్ముడివైపు తిరిగింది.

"ఈయన యాపారానికి పాలు ఇరగాల, ఇరిగాయి. నా గదికి పాలు పొంగాల, ఇంకా పొంగలేదు. సగం శకునమే అయింది. ఒరే నాయుడూ, కొట్లోంచి నా గిన్నె అట్రా. ఈయన గిన్నె మాత్రం దీనికి ముట్టించకండి బాబూ."

పాలు మళ్లీ తెచ్చారు. ఆమె గిన్నె శుభ్రంగా ఉంది కాబట్టి పాలు పొంగాయి. తూర్పున పొర్లాయా అన్నది చర్చనీయాంశం. పొయ్యి ఆ వైపుకి కొంచెం వాలుగా కట్టారని నా అనుమానం. దాలమ్మ కొంగుముడి విప్పి తాళంచెవి నిబారణ్ చేతిలో పెట్టింది. అతను రైలు వేళ చెప్పినవాడికే మొదటి చేపను తినిపించాడు.

హేతువు గెలవలేదు. ఒక నమ్మకం కాస్త జరిగి రెండో నమ్మకానికి చోటిచ్చింది, అంతే. ఏటా ఆ రోజున ఆ గదిలో ఒక గిన్నెలో పాలు పొంగించి, ఇంకో గిన్నెలో విరగ్గొట్టేవారు. పురోహితుడు విరిచే పాలకు కూడా ఒక మంత్రం వెతికిపెట్టాడు. వెతికాడో, అల్లాడో నేను విచారించలేదు.

దుకాణం నడిచింది. మాంసాహారం ముట్టని కొందరు చేప ఆకారం చూసి జంకారు. రోజూ వచ్చే ఒక సంస్కృతం మాస్టారు ఇది మత్స్యావతారమని నిర్ణయించాక, వాళ్లు తక్కినవారికన్నా ఎక్కువ తిన్నారు. ఊరు నన్ను జున్నుచేప అంది. సందేశ్ అని సరిదిద్దడానికి నిబారణ్ కొన్నాళ్లు ప్రయత్నించి, తర్వాత పలకమీద తనే జున్నుచేప అని రాయించాడు. దాలమ్మ కాజాలు అతని కొట్లో, అతని రసగుల్లాలు ఆమె కొట్లో అమ్ముడయ్యేవి. చక్కెర పాళ్ల మీద ఇద్దరికీ రోజూ పేచీ వచ్చేది. ఈ పేచీకి మాత్రం అతను ఏ రైలూ ఎక్కలేదు.

నెయ్యి, వేడి, కాలం కలిసి నా వీపున ఒక చీలిక తెచ్చాయి. పళ్లెంలో దిగే చేపలకు మధ్యలో గీత పడసాగింది. నిబారణ్ కొత్త అచ్చు తెప్పించుకుని, నన్ను పొయ్యిలో వెయ్యబోయాడు. అది న్యాయమే. చెక్కకు అంతకన్నా గౌరవమైన ముగింపు నేను కోరుకోలేదు. దాలమ్మ వచ్చి అతని చేతిలోంచి లాక్కుంది. తిట్టింది కూడా. ఇప్పుడు నేను ఆమె కొట్టులో దేవుడి గూట్లో, లక్ష్మీదేవి పటానికి ఎడమపక్క ఉన్నాను. శుక్రవారం నాకు పసుపు రాసి, కుంకుమ పెడుతుంది. ఒక కాజా నైవేద్యం పెడుతుంది. దాన్ని చీమలు తింటాయి, నేను తిన్నానని ఆమె అనుకుంటుంది.

ఇలాంటి విషయాల్లో నా అభిప్రాయాలు మీకు తెలిసినవే. వాటిలో మార్పేమీ లేదు. కానీ వృద్ధురాలైన ఆమె, మునివేళ్ల మీద లేచి, గూటిలోకి చెయ్యి చాపి, గోడ అవతల వినబడేలా "బాబూ, నీ చేపకి బొట్టెట్టేశాను, ఇక కొట్టు తియ్యి" అని కేకేసినప్పుడు, అవతలి నుంచి నిబారణ్ తలుపు చెక్కలు తీస్తున్న చప్పుడు వినిపిస్తుంది. ఆ కేకకు జవాబుగా వచ్చే చప్పుడు కోసం శుక్రవారం ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తాను.