రెండు చేతులూ సమానం

ఆ ఎమర్జెన్సీ వార్డులో బుధవారం మధ్యాహ్నం రెండింటికి డాక్టర్లంతా వెనక గదిలో చేరి, ఎవరి తప్పు వాళ్లు చెప్పుకుంటారు. తిట్టడాలు లేవు, సలహాలు లేవు. చెప్పడం అయ్యాక మిగతావాళ్లు "విన్నాం" అంటారు, అంతే. బయటివాళ్లకు ఇదేదో చాదస్తంలా ఉంటుంది గానీ, ఆ ఒక్క మాట కోసమే ఉద్యోగం వదలకుండా ఉన్నవాళ్లు అక్కడ నలుగురైదుగురున్నారు.

ఆ బుధవారం పెద్దక్కకు ఆఖరిది. పంతొమ్మిదేళ్లు ఇక్కడే డాక్టరుగా ప్రాణం మీదికొచ్చినవాళ్లను చూసి చూసి, వచ్చే నెల నుంచి నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పబోతోంది. వార్డు ఊడ్చే ఆవిడ దగ్గర్నుంచి చీఫ్ దాకా అందరికీ ఆమె పెద్దక్కే. బల్ల మీద కేకు పెట్టారు.

"ఇక హాయిగా కూర్చుని చేసే ఉద్యోగం," అన్నాడు చీఫ్.

"కూర్చోవడం ఎలాగో మర్చిపోయాను సార్, ముందు అది నేర్చుకోవాలి," అందామె. అందరూ నవ్వారు. పిచ్చుక నవ్వలేదు.

పిచ్చుక అక్కడ అందరికంటే చిన్న డాక్టరు. మనిషి ఇంతే ఉంటుంది, నోరు మాత్రం క్షణం ఊరుకునేది కాదు. అదంతా ఎనిమిది నెలల కిందటి మాట. అప్పుడు వీపు నొప్పితో ఒకాయన ఒకే రోజు రెండోసారి వచ్చాడు. పొద్దున ఆయన్ని చూసి ఇంటికి పంపిన పెద్దక్క, "రెండు చేతుల్లోనూ బీపీ సమానం" అని రాసింది. గుండె దగ్గరి పెద్ద రక్తనాళం చీలితే చాలాసార్లు చేతికీ చేతికీ తేడా వస్తుంది. తేడా లేదని రాసి ఉంది కదా అని పిచ్చుక ఆయన్ని అరగంట కుర్చీలో కూర్చోబెట్టింది. ఆ కుర్చీలోనే పోయాడు. నాళం ఆ అరగంటలోనే చీలిందని, తానే చంపానని ఆ పిల్ల నమ్మింది. ఆ తర్వాతి బుధవారం అది చెప్పి వెక్కి వెక్కి ఏడ్చింది. పెద్దక్క పక్కన కూర్చుని కళ్లు తుడిచింది.

ఇప్పుడు పెద్దక్క కేకు కోయబోతుంటే పిచ్చుక దగ్గరికొచ్చింది. "నేనూ రాజీనామా రాసేశానక్కా. సాయంత్రం ఇచ్చేస్తా. స్కిన్ క్లినిక్‌లో చేరుతున్నా. అక్కడైతే నా చేతుల్లో ఎవరూ పోరు."

ఎంత పని చేశావే, అని పెద్దక్క తనను తానే తిట్టుకుంది. ఇప్పుడు నోరు మూసుకుంటే చాలు, అందరి కళ్లలో దేవతలా గడప దాటొచ్చు. ఛీ, ఏం బతుకు! చాకు కింద పెట్టింది.

"ఇవాళ నా వంతు," అంది. "ఆ వీపు నొప్పాయనకి నేను ఒక్క చేతికే బీపీ చూశాను. రెండో చేతి మీద ఆయన కూతురు నిద్రపోతోంది. లేపడం ఎందుకులే అనుకున్నా. కాగితం మీద మాత్రం రెండూ సమానమని రాశా. రోజూ రాసే మాటే, చెయ్యి అలవాటుగా రాసేసింది. నాళం అప్పటికే చీలి ఉండాలి. పిచ్చుక తప్పేం లేదు."

"విన్నాం," అన్నాడు చీఫ్. "ఆయన ఇంటివాళ్లకీ చెప్పాలి."

"రేపు వెళ్లి చెప్తాను సార్."

ఒక్కొక్కరూ విన్నామన్నారు. పిచ్చుక అనలేదు.

"ఇది మీకెప్పుడు తెలిసింది?"

"ఆ సాయంత్రమే."

"అంటే నేనేడ్చిన రోజుకి తెలుసు."

"తెలుసు."

"ఎనిమిది నెలలక్కా! కంటి మీద కునుకు లేదు నాకు. నన్ను చూసి మా అమ్మ కుమిలిపోయింది. పక్కన కూర్చుని కళ్లు తుడిచారే, అప్పుడైనా చెప్పబుద్ధి కాలేదా?"

పెద్దక్క కళ్లు నీళ్లతో నిండాయి. సిగ్గుతో తల ఎత్తలేకపోయింది. "భయమేసిందమ్మా. మీరంతా నన్ను అక్కా అని పిలవడం మానేస్తారని."

పిచ్చుక కోటు జేబులోంచి రాజీనామా కాగితం తీసి చింపి బుట్టలో వేసింది.

"నేను ఉద్యోగం మానను," అంది. "మీరు వెళ్లండి, డాక్టర్ గారూ."