కాలివేలి తాడు

బిడ్డ నిద్రలేచి ఏడ్చేసరికి పక్కన మనిషన్నవాళ్లు ఉండరేమో. ఆ పిల్లతల్లికి అన్నిటికన్నా పెద్ద భయం అదే. అందుకే పనికి వెళ్లే తల్లుల పిల్లల్ని ఉచితంగా చూసుకునే చోట బట్టలుతికే పనికి కుదిరింది. తన ఏడు నెలల పాపనూ అక్కడే పడుకోబెట్టేది.

ఉయ్యాలలు ఐదు, ఆయా ఒక్కతే. ఐదింటి తాళ్లూ కలిపి ముడేసి, కొసను ఎడమకాలి బొటనవేలికి తగిలించుకుని, గోడకు జారగిలబడి ఊపుతూ పొత్తిగుడ్డలు మడతపెట్టేది. ఏ బిడ్డ కదిలినా ఆ వేలికి ముందు తెలిసేది.

"చెవులు మొరాయించినా కాలు బానే వింటుందే అమ్మాయ్" అని నవ్వేది.

దాతలు తగ్గి, తలుపులు మూసేసే పరిస్థితి వచ్చింది. ఆ రోజు ఒక సినిమా నటి వచ్చి వీడియోలో సాయం అడుగుతానంది. మేనేజరమ్మ ఆయాను ఎగాదిగా చూసింది.

"కాలికి తాడేంటి పెద్దమ్మా, చూసేవాళ్లు ఏమనుకుంటారు? కాసేపు వంటగదిలో కూర్చో."

వంగి ఆ తాడు తీసింది పిల్లతల్లే.

నటి వస్తూనే అడిగింది. "వీళ్లని చూసుకునేది ఎవరు? నన్ను చూసి జనం ఆగుతారు గానీ, ఇచ్చేది ఆవిణ్ణి చూసే."

మేనేజరమ్మ పిల్లతల్లిని మోచేత్తో పొడిచింది.

"నేనేనండి" అంది పిల్లతల్లి.

వంటగది తలుపు ఓరగా తెరిచే ఉంది.

"ఏం కావాలి మీకు?" అంది నటి.

పిల్లతల్లికి ఆయా కాలినొప్పి గుర్తొచ్చింది. "వాటంతటవే ఊగే ఉయ్యాలలైతే బావుంటుందండి."

విరాళాలు వచ్చాయి. తలుపులు మూతపడలేదు. నెల తిరక్కుండా ఐదు కరెంటు ఉయ్యాలలూ వచ్చాయి. పాత తాడు కిటికీ ఊచకెక్కింది. ఆయా వాటిని చాలాసేపు చూసింది.

"బాగా అడిగావే తల్లీ. నాకన్నా ఒద్దిగ్గా ఊగుతున్నాయి."

ఆ మాటలో వెటకారం లేదు. ఉంటే బావుండేది. సాయంత్రం చెప్పులేసుకుని వెళ్లిన మనిషి మళ్లీ రాలేదు. పిల్లతల్లి వెళ్లి చూస్తే ఆమె అద్దెగదికి వేరే తాళం ఉంది.

ఇప్పుడు పాప గుక్కపట్టి ఏడ్చినా ఉయ్యాల తన మానాన తాను ఊగుతూనే ఉంటుంది. తల్లి సబ్బు చేతులతో పరిగెత్తుకొచ్చేసరికి పాప ముఖం కందిపోయి ఉంటుంది.

ఎడమకాలి బొటనవేలి చుట్టూ ఒరిసిన గీత ఉన్న ముసలావిడ మీ వైపు ఎక్కడైనా కనబడితే, తిన్నదో లేదో ఒక్కసారి కనుక్కోండి. ఆమె తాడు ఇంకా కిటికీ ఊచకే ఉంది. కొసన ముడి విప్పలేదు, సరిగ్గా ఆ వేలంతే, నున్నగా అరిగి.