బొమ్మలక్క ఎంచింది

కెటిల్ పొట్ట మీద ఫొటోగ్రాఫరు కనిపిస్తున్నాడు. మెరిసే స్టీలు సామాను ఫొటో తీస్తే వచ్చే తంటా ఇదే, తీసినవాడు కూడా అందులో పడతాడు, పొట్టి కాళ్లతో, ఉబ్బిన తలతో. బొమ్మలక్క చెవుల దగ్గర మొదలుపెట్టి అతణ్ణి చిటికెడు చిటికెడుగా చెరుపుతోంది. ఎడమచేతి వేళ్లు చూడకుండానే కీబోర్డు మీటలు నొక్కుతున్నాయి. మెడ మాత్రం ఈమధ్య కొంగలా ముందుకు సాగుతోంది.

సైకిళ్ల షాపు పైన మేడగదిలో ఆ వెబ్‌సైట్ల ఆఫీసు. మూడు బల్లలు, ఒక కిటికీ, కిందనుంచి ఎగదన్నే టైర్ల వాసన. బొమ్మలూ రంగులూ అక్షరాలూ చూసుకునేది గనక ఆమె బొమ్మలక్క అయింది. ఆమె గీసిన పేజీకి కోడు రాసే ఆయన బ్రాకెట్ల బాబాయి. కోడులో తెరిచిన ప్రతి బ్రాకెట్టూ మూసేస్తాడు గానీ, నోరు తెరిస్తే మాత్రం మూయడు.

పదిన్నరకి ఓనరు వచ్చాడు. ఆమె తమ్ముడితో కలిసి చదువుకున్నవాడు.

"అక్కా, ఆ మూడు కొత్త సాఫ్ట్‌వేర్ల ట్రయలూ ఇవాళ్టితో ఆఖరు. ఏదో ఒకటి తేల్చెయ్యి."

"పాతదాని సంగతి?"

"కొత్త కంప్యూటర్లలో అది ఎక్కదుగా! చేసినవాళ్లే వదిలేశాక మనమెన్నాళ్లు మోస్తాం?"

పాతది వచ్చిన రోజు ఆమెకి నిన్నటిలా ఉంది. అట్టపెట్టెలో డిస్కులు, వాటితోపాటు ఇటుకంత పుస్తకం. అంతకుముందు పెద్దనాన్న ప్రెస్సులో బ్లేడుతో అక్షరాలు కోసి, కాగితం మీద వరసగా అంటించేది. వేళ్లకి ఎప్పుడూ జిగురే. ఆ పుస్తకం ఇంటికి పట్టుకెళ్లి, పక్కన నిఘంటువు పెట్టుకుని, ఒక వేసవంతా చదివింది. ఉల్లిపాయలు తరుగుతూ వాళ్లాయన పాఠం అప్పజెప్పించుకునేవాడు.

"చేసింది రద్దవ్వాలంటే?"

"కంట్రోల్ జెడ్."

"మరి కూరలో ఉప్పెక్కువైతే?"

"నోరు మూసుకుని తినడమే."

తలుచుకుంటే ఇప్పటికీ ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కెటిల్ని పక్కన పెట్టి, అది అమ్మే స్టీలు కొట్టు పేజీనే మూడింట్లోనూ ఒక్కోసారి చేసి చూడాలనుకుంది.

మొదటిది సముద్రం. అందులో లేనిదంటూ లేదు. మీటలు దాదాపు పాతవే కావడంతో ఆమె చేతులకి పుట్టింటికి వచ్చినట్టుంది. కెటిల్‌ని చుట్టూరా కత్తిరించడం అయిదు నిమిషాల్లో అయిపోయింది. కళ్లకి గంతలు కట్టినా ఇందులో పని చేయగలననిపించింది. ఇంకో రెండేళ్లు లాగించవచ్చు.

రెండోది ఉచితం. మంచిదే గానీ, కావలసిన పనిముట్టల్లా ఏదో అటకెక్కి కూర్చుంది. భోజనం వేళ దాకా వెతికి దండం పెట్టేసింది.

మూడోది బ్రౌజరులోనే తెరుచుకుంది. ఫొటో శుభ్రం చేయడంలో మొదటిదాని కాలిగోటికి చాలదు. కానీ పేజీ పని మొదలుపెట్టేసరికి ఆమె కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఒక చోట బటను రంగు మారిస్తే అన్ని పేజీల్లోనూ మారింది. పేజీని ఫోను వెడల్పుకి కుదిస్తే బొమ్మలు వాటంతటవే ఒకదాని కింద ఒకటి సర్దుకున్నాయి. లింకు పంపగానే బ్రాకెట్ల బాబాయి కూడా అదే పేజీలోకి వచ్చాడు. ఆమె బాణం పక్కన అతని బాణం తిరగసాగింది.

"అక్కా! ఏ సందు ఎంతుందో నాకే కనిపిస్తోందే! ఇక నిన్ను విసిగించక్కర్లేదు."

రోజుకి ఇరవైసార్లు అతను కుర్చీ దొర్లించుకుంటూ వచ్చేవాడు. బొమ్మకీ గీతకీ మధ్య ఎంత అని అడగడం, ఆమె పదహారు పిక్సెళ్లనడం, అతను వెనక్కి వెళ్లకుండా కూతురి పళ్ల గురించో, ఇంటాయన కుక్క గురించో అందుకోవడం. పదహారు పిక్సెళ్ల సందులోంచి పదకొండేళ్ల కబుర్లు దూరి వచ్చాయి.

కిటికీలో ఎండ వాలింది. ఆమె పేజీకి అడ్డంగా ఒక గీత గీసింది. మధ్యలో అది కాస్త వంగి, మళ్లీ తిన్నగా సాగింది. చెరిపి మళ్లీ గీసింది. అక్కడే వంగింది.

"బాబాయ్, ఈ గీత సరిగ్గా ఉందా?"

"సూదిలా ఉందక్కా."

"ఊఁ" అంది. తప్పు సాఫ్ట్‌వేరుది కాదని ఆమెకి తెలుసు.

అయిదింటికి ఆమె ఓనరు బల్ల దగ్గరికి వెళ్లి, గొంతు తగ్గించి, "మూడోది తీసుకో. ఫొటోలు శుభ్రం చేయడానికి ఆ ఉచితందాన్ని పక్కన ఉంచండి, ఓపికుంటే కావలసింది దొరుకుతుంది" అంది.

"మొదటిది నీ చేతికి అలవాటైంది కదక్కా! కొంతకాలం అందులోనే..."

"నా చేతికి కాదురా, సోమవారం నా కుర్చీలో కూర్చునే పిల్ల చేతికి. ఆ పిల్లా, బాబాయీ కలిసి చేసుకుంటారు. ఒకరి కోసం ఒకరు కాచుక్కూర్చోనక్కర్లేదు."

ఓనరు తల దించుకున్నాడు. చూపు మధ్యలో మచ్చ పడిందనీ, అది పెరిగేదే గానీ తరిగేది కాదనీ డాక్టరు చెప్పినమాట పదిరోజుల కిందట ఆమె అతనికొక్కడికే చెప్పింది. సన్మానాలూ ఉపన్యాసాలూ పెడితే ఆఖరిరోజు శనివారం అసలు రానేరానని బెదిరించింది కూడా. ఇవాళే ఆ శనివారం.

కెటిల్ ఫైలుతో సహా పాత సాఫ్ట్‌వేరు మూసింది. మార్పులు భద్రం చేయాలా అని అది అడిగితే, చేయమంది. తెర నల్లబడేదాకా ఆగింది.

"వెళ్లొస్తా బాబాయ్. ఇకనుంచి నువ్వే కొలుచుకో."

"నువ్వు చెప్పినంత బాగా కొలవగలనా!" అని అతను తెరమీంచి కళ్లు తిప్పకుండానే నవ్వాడు.

ఆమె మెట్లు దిగిన చప్పుడు అయిపోయాక ఓనరు అతనికి సంగతి చెప్పాడు. బ్రాకెట్ల బాబాయి కిటికీ దగ్గరికి పరుగెత్తాడు గానీ, వీధి మలుపు దగ్గర ఎవరూ లేరు. తెరిచిన నోరు అలాగే ఉంది.

కాసేపటికి పాత కంప్యూటరు వైరు తీయడానికి బల్ల కింద వంగాడు. చల్లటి గచ్చు మీద, ఆఫీసులో మాత్రమే ఆమె తొడుక్కునే, మడమల దగ్గర అరిగిపోయిన రబ్బరు చెప్పుల జత కుర్చీవైపు తిరిగి ఉంది.