తిరగేసిన రేకు

విడిభాగాల కోసం షెడ్డు మూలన పడున్న పాత పడవ ఇంజను క్రాంక్ కేసు విప్పేసరికి అడుగున నూనె మడ్డిలో గోరంత ఉక్కు ముక్క మెరిసింది. మెకానిక్ దాన్ని వేలికొసతో తీసి, వెలుగులో పెట్టి చూసి, పీట మీద కూలబడ్డాడు.

ఆర్నెల్ల కిందట ఈ ఇంజనే ఏటి నడుమ పట్టేసింది. పడవను తెడ్లేసి ఒడ్డుకు చేర్చారు. పిస్టన్ బిగుసుకుపోయి ఉంది. మెకానిక్ సర్వీసింగ్ చేశాక ట్యాంకు నింపింది అతని తమ్ముడు.

"ఇంకేముంది, పెట్రోల్లో ఆయిల్ కలపడం మరిచాడు మావాడు, జిడ్డు లేక పిస్టన్ పట్టేసింది," అని రేవులో నలుగురి ముందూ తేల్చేశాడు మెకానిక్.

"కలిపాను. ఓసారి క్రాంక్ కేసు విప్పి చూడన్నయ్యా."

"ముప్పై ఏళ్ళ నుంచి చూస్తున్నా. నాకు నేర్పకు."

ఆ మాటతో రేవులో తమ్ముడి చేతికి ఇంజను ఇచ్చే దిక్కు లేకుండా పోయింది.

ఇలాంటి ఇంజను పిస్టన్ అడుగునున్న గదితో, అంటే క్రాంక్ కేసుతోనే ఊపిరి పీల్చుకుంటుంది. పిస్టన్ పైకి లేచినప్పుడు కార్బురేటర్ నుంచి పెట్రోలు కలిసిన గాలి అందులోకి వస్తుంది. కిందికి దిగినప్పుడు ఆ గాలి ఒత్తుకుని పై సిలిండర్లోకి పోతుంది. వచ్చిన దారినే వెనక్కి పోకుండా కాపలా కాసేది రీడ్ వాల్వు: కాగితమంత పల్చటి ఉక్కు రేకులు. వాడగా వాడగా అవి పైకి వంగి సరిగ్గా మూసుకోవు. అప్పుడు కొత్తవి వెయ్యాలి. మెకానిక్ మాత్రం పాతవాటినే తిరగేసి బిగించేవాడు. కొన్నాళ్ళు బ్రహ్మాండంగా అతుక్కునేవి. "ఒకవైపు అలవాటు పడ్డదాన్ని రెండోవైపు వంచితే విరుగుతుంది అన్నయ్యా," అని తమ్ముడు మొత్తుకునేవాడు.

ఇప్పుడు మెకానిక్ మిగిలిన రేకులు చూశాడు. అరిగిన గుర్తు కింద ఉండాల్సింది పైవైపున ఉంది. అన్నీ తిరగేసినవే. విరిగిన రేకులో ఒక ముక్క అడుగున మిగిలింది, రెండోది గాలితో పాటు పైకెళ్ళి పిస్టన్‌ను పట్టేసింది.

చేతులైనా కడుక్కోకుండా పడవ యజమాని దగ్గరకు వెళ్ళి, రేకులు చూపించి, ఉన్నదంతా చెప్పాడు.

యజమాని తాడు చుట్టడం ఆపలేదు. "తోడబుట్టినవాడు కదా, కడుపు తరుక్కుపోతుందిలే. అప్పుడో మాట, ఇప్పుడో మాట. నీ నాలుక కూడా తిరగేసి బిగించుకున్నావా?"

పక్కనున్నవాళ్ళు నవ్వారు. నిజం చెప్పినా నమ్మే నాథుడు లేడు.

రేవులో పని పోయాక కుదిరిన సైకిల్ షాపులో తమ్ముడు ట్యూబును నీళ్ళలో ముంచి బుడగల కోసం చూస్తున్నాడు. మెకానిక్ ఉక్కు ముక్కను అతని ముందు పెట్టాడు.

"నాకప్పుడే తెలుసు," అన్నాడు తమ్ముడు.

"మరి నలుగురిలో నన్ను నిలదీయలేదేం?"

"నిన్ను కూడా వాళ్ళు నమ్మకపోతే ఇద్దరం ఏం తిని బతుకుతాం?"

మెకానిక్ అన్నాడు, "రేపట్నుంచి షెడ్డుకి రారా."

"ఎవరి ఇంజను విప్పను అన్నయ్యా? నీ పక్కన కూర్చుని నట్లు అందించనా?"

తమ్ముడు లేచి, ఉన్న ఒక్క స్టూలునూ గుడ్డతో తుడిచి అన్న వైపు జరిపాడు. తాను నేల మీద కూర్చుని మళ్ళీ ట్యూబు అందుకున్నాడు. మెకానిక్ ఆ స్టూలు మీద కూర్చోలేకపోయాడు, అలాగని వెళ్ళిపోనూ లేకపోయాడు.