పసుపు కింద బుడిపె

మా బావ పైడిరాజుకి నా మీద కంటే తన పికప్పు బండి మీదే ప్రేమ ఎక్కువ. మేనత్త కొడుకని ఏరి కోరి చేసుకున్నాను. పెళ్లయి ఇన్నేళ్లయినా నాకో మూర మల్లెపూలు తెచ్చిన పాపాన పోలేదు గానీ, బండి అద్దానికి మాత్రం వారం వారం బంతిపూల దండ వేలాడాల్సిందే.

ఆ బండికి పసుపు రాసే పని నాది. మా అత్త జగ్గమ్మ పెట్టిన ఆనవాయితీ అది. ప్రతి శుక్రవారం టైర్ల పక్కలకి గడపకి రాసినట్టు పసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టాలి. పాత పసుపు కడగకూడదట, దాని మీదే కొత్తది రాయాలట. కడిగితే లక్ష్మి పోతుందట! అలా రాసి రాసి మా టైర్లు అసలు ఏ రంగువో మేమే మరిచిపోయాం.

ఆ శుక్రవారం మా ఆడపడుచు రాధిక సీమంతం. పొందూరు దగ్గరున్న మా ఊరి నుంచి సాలూరులో వాళ్ల అత్తవారింటికి సారె తీసుకువెళ్లాలి. ముహూర్తం దాటితే వియ్యపురాలు బిడ్డ పుట్టి బడికెళ్లేదాకా దెప్పుతూనే ఉంటుంది. అందుకని పొద్దున్నే చలిమిడి బిందె, లడ్డు బుట్టలు, అరటి గెలలు బండెక్కాయి. వాటి పక్కన కూర్చోవడానికి మా వీధి ఆడవాళ్లంతా పట్టుచీరలతో సిద్ధం.

నేను గిన్నెలో పసుపు కలుపుకుని ఎడమ వెనక చక్రం దగ్గర కూర్చున్నాను. అరచేత్తో రాస్తూంటే ఏదో ఎత్తుగా తగిలింది. కోడిగుడ్డంత బుడిపె. నొక్కి చూస్తే గాలి ఊదిన బూరలా ఉంది.

"బావా, ఇలా రా. టైరు ఉబ్బినాది సూడు."

బావ వచ్చాడు. కనీసం వంగి చూడలేదు. చెప్పు కాలితో టైరుని ఒక్క తన్ను తన్నాడు. ఆయనగారి పరీక్ష అంతే.

"నువ్వే కదేటే, పసుపు మీద పసుపు ఎట్టి గడ్డ కట్టించినావు! గీతలు సూడు, కొత్త టైరులాగున్నాయి."

గీతలు బాగానే ఉన్నాయి, ఎవరు కాదన్నారు? రోడ్డుకి ఆనే చోటు బాగుంటే పక్కలు కూడా బాగున్నట్టేనా? కిందటి నెలే సిమెంటు బస్తాలతో వస్తూ రాజాం దగ్గర బండిని గోతిలో దింపి, ఇంటికొచ్చి "ఏటీ అవలేదు" అని చేతులు దులుపుకున్న మనిషి ఈయన. నాకు ఒళ్లు మండిపోయింది. బకెట్టుతో నీళ్లు తెచ్చి టైరు మీద గుమ్మరించి కొబ్బరి పీచుతో తోమడం మొదలుపెట్టాను.

"ఓలమ్మో! శుభమా అని సారె పట్టికెల్తుంటే పసుపు కడిగేస్తన్నాది, సూడండర్రా!" అత్త కేకకి ఇంట్లో ఉన్నవాళ్లు కూడా వీధిలోకొచ్చారు. "ఒసే భవానీ, నీకేటి పోయేకాలమొచ్చినాదే?"

"ఉండత్తా. పసుపు మళ్లీ రాస్తాను. మనుసులు పోతే మళ్లీ తెస్తామేటి?"

పసుపు పోయింది. బుడిపె పోలేదు. పైగా దాని చుట్టూ సన్నటి పగులు బయటపడింది.

బావ నోరెళ్లబెట్టి, అంతలోనే సర్దుకున్నాడు. "అది గాలి బలమే. నిండుగా ఉన్నాదన్నమాట."

"ఆహా! మీ సెల్లికే కాదు, నీ టైరుకీ నెలలు నిండినట్టున్నాయి. దీనికీ సారె ఎట్టమంటావేటి?"

ఆడవాళ్లు పకపకా నవ్వారు. బావ మొహం కందగడ్డయింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎప్పుడు బండెక్కినా సరిగ్గా ఆ చక్రం మీది మూలే మా అత్త చోటు. ఆ వేళా ఒళ్లో చలిమిడి బిందె పెట్టుకుని అక్కడే కూర్చుంటుంది. టైరు మార్చేదాకా ఎవరూ ఎక్కడానికి లేదని ఆ తడిలోనే చక్రానికి అడ్డంగా బైఠాయించాను.

"ఆలీసమైతే నా కూతురు మాట పడతాదే," అంది అత్త. ఆవిడ కళ్లల్లో నీళ్లు తిరిగాయి. నాకూ జాలేసింది. అయినా లేవలేదు.

"సరే, మారుస్తాను," అన్నాడు బావ పళ్లు కొరుకుతూ. "దీన్ని సాలూరు పట్టికెల్లి సూపిస్తాను. బాగున్నాదని తేలితే బండి ఊసు మరి ఎత్తకూడదు నువ్వు."

"బాగోలేదంటే?"

"ఇంక మీదట పసుపు నానే రాస్తాను. సాలా?"

తీరా చూస్తే స్టెప్నీ బండి కింద లేదు. పెరట్లో అత్తకి పీటయి కూర్చుంది. దాని మీద కూర్చునే ఆవిడ చేపలు తోముతుంది. దాన్ని దొర్లించుకొచ్చి, పంక్చరు కొట్లో గాలి పట్టించి బిగించారు. నీచు వాసన వేసే టైరుతో సారె బయల్దేరింది. దారి పొడుగునా అత్త నావైపు చూడలేదు.

బావ హారను మోతలతో ముహూర్తానికి ముందే చేరాం. వియ్యపురాలికి మూతి విరవడానికి సందు దొరకలేదు. రాధిక చేతినిండా గాజులతో నవ్వుతూంటే అత్త మొహం విప్పారింది.

భోజనాలయ్యాక బావ టైరు దొర్లించుకుంటూ బయల్దేరాడు. నా ఓటమి చూడ్డానికి అత్తా వెంటబడింది. సాలూరంటే లారీల ఊరు, టైరు కొట్లకి కొదవా? గంగులని ఒకాయన చక్రం నుంచి టైరు ఊడదీసి, లోపలికి లైటు కొట్టి చూసి బావని ఎగాదిగా చూశాడు.

"దీంతోటి ఆడోళ్లని ఎక్కించుదామనుకున్నావేటి బాబూ? గోతి దెబ్బకి పక్క గోడలో దారాలు తెగిపోయినాయి. ఎండకి ఏడెక్కితే దారిలోనే పేలతాది. బండి పల్టీయే."

అత్త నమ్మలేదు. తనే లోపల చెయ్యి పెట్టింది. పొందూరులో పుట్టి, చిన్ననాట రాట్నం ముందు కూర్చున్న చెయ్యి అది. తడుముతూ తడుముతూ ఒకచోట ఆగిపోయింది.

"పోగులన్నీ తెగిపోయినాయిరా పైడీ," అంది నెమ్మదిగా. "రబ్బరు పొర ఒక్కటే పట్టుకోని ఉన్నాది." చెయ్యి అక్కడే ఉంచి బావవైపు తిరిగింది. "ఇది నాను కూకునే సోటు కిందదే కదురా."

బావ తల దించుకున్నాడు. అత్త నా చెయ్యి పట్టుకుంది. ఏడుపు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

మరుసటి శుక్రవారం మా వీధికి మంచి కాలక్షేపం. బావ లుంగీ ఎగ్గట్టి పసుపు గిన్నెతో కొత్త టైరు ముందు కూర్చున్నాడు. అత్త నడుం మీద చేతులు పెట్టుకుని పక్కనే నిలబడింది.

"ముందు కడగరా. సెయ్యెట్టి సుట్టూ తడుము. లోపలేపు కూడా. అప్పుడు రాయి."

నేను అరుగు మీద కూర్చుని టీ తాగుతున్నాను. ఊరుకుంటానా? "కడిగితే లక్ష్మి పోద్దన్నావు కదత్తా?" అన్నాను.

అత్త వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

"మా లచ్చిమి ఎక్కడికీ పోదులేయే. అరుగెక్కి టీ తాగుతన్నాది."